గండికోట రంగులు స్లైడ్ ఫిల్మ్ మీద ఎట్లా తీయాలి: రీలు కొనడం నుంచి లైట్‌బాక్స్ దాకా

గండికోటలో పొద్దు పొడిచేటప్పుడు తీసిన స్లైడ్లు (కడిగినాక అసలు రంగుల్లోనే కనపడే ఫిల్మ్ ముక్కలు) ఎవరికి చూపించినా అడిగేది ఒకటే, "అన్నా, ఈ ఎరుపు యాడిది, కంప్యూటర్లో ఏమన్నా చేసినావా?" అని. ఏమీ చేయలేదు, ఫిల్మ్ మీద అట్లనే ఉంది. అది చూసి వాళ్లే ఒక రీలు కొనుక్కొని పోతారు, నెల తర్వాత ఫోన్ చేసి "ఆకాశమంతా తెల్లగా పోయింది, నీడలో తీసినవన్నీ నీలంగా వచ్చినాయి, లోయ నల్లగా ఉంది" అంటారు. ఫోన్లో ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పేదానికన్నా మొత్తం ఒకచోట రాస్తే మేలని కూర్చున్నా.

థియరీ ఎక్కువ చెప్పను, ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. నెగటివ్‌కి (రంగులు తిరగబడి వచ్చే మామూలు రీలు) ఒకటి రెండు స్టాప్‌లు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెండింతలు కావడమో సగం కావడమో) వెలుతురు ఎక్కువైనా తట్టుకుంటుంది, ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లైడ్ అట్లా కాదు, కెమెరాలో ఉన్న ఆ ముక్కే కడిగినాక చివరి ఫోటో, మధ్యలో సర్దేవాళ్లు ఎవరూ లేరు. వెలుగుకీ నీడకీ మధ్య అది పట్టుకునేది సుమారు ఐదు స్టాప్‌లు, అంతే. మన రాయలసీమ ఎండలో పొద్దున తొమ్మిది దాటితే ఎండ పడిన రాయికీ దాని నీడకీ మధ్య తేడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి ఏది కాపాడుకోవాలి, ఏది వదిలేయాలి అని బటన్ నొక్కకముందే తేల్చుకోవాలి. కాపాడుకోవాల్సింది ఎప్పుడూ వెలుగునే. నీడ నల్లబడితే కంటికి బాగానే ఉంటుంది, వెలుగు పోయిన చోట మాత్రం ఫిల్మ్ గాజులా ఖాళీగా మిగులుతుంది, దాన్ని ఏ స్కానరూ తిరిగి తేలేదు.

కావలసినవి

మాన్యువల్‌గా ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద పడే వెలుతురు లెక్క) పెట్టుకోగలిగే ఎస్ఎల్ఆర్ (లెన్సులోంచే చూసి తీసే కెమెరా) ఏదైనా సరే. నికాన్ ఎఫ్ఎం10, ఎఫ్ఎం2, పెంటాక్స్ కె1000, ఇంట్లో బీరువాలో పడున్నదైనా పరవాలేదు, కానీ మీటరూ (వెలుతురు కొలిచేది) షట్టరూ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి (కింద చెప్తా). కదలని ట్రైపాడ్, కేబుల్ రిలీజ్ (కెమెరాకి చేయి తగలకుండా బటన్ నొక్కే తీగ), లెన్స్ హుడ్. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఒకటి. రెండు స్టాప్‌ల గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ (పైన మసకగా, కింద తేటగా ఉండి ఆకాశం వెలుగు మాత్రమే తగ్గించేది) ఒకటి, వీలైతే 81ఎ వార్మింగ్ ఫిల్టర్ (నీలం తగ్గించేది). స్పాట్ మీటర్ (చిన్న చోటు వెలుతురు మాత్రమే కొలిచేది) ఉంటే అదృష్టమే, లేకున్నా దారి ఉంది. గ్రే కార్డు (మధ్యస్థమైన బూడిద రంగు అట్ట). చిన్న నోటుబుక్కు, పెన్ను. ఈ నోటుబుక్కు దగ్గరే చాలామంది బద్ధకిస్తారు, దయచేసి తీసుకపోండి.

ఇంక ఒక్కొక్కటిగా.

1. ఫిల్మ్ ఎంచుకోవడం

రంగులు గట్టిగా కావాలంటే ఫ్యూజీ వెల్వియా 50 (ఈ 50 ఫిల్మ్ స్పీడు, అంటే ఐఎస్ఓ, అంకె తక్కువైతే వెలుతురు ఎక్కువ కావాలి). 1990లో వచ్చినప్పటి నుంచీ ప్రకృతి ఫోటోలు తీసేవాళ్లు దీన్ని వదల్లేదు, మధ్యలో ఆగిపోయి 2007లో మళ్లీ వచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ ఉన్నదానికన్నా చిక్కగా వస్తాయి, కాంట్రాస్ట్ (వెలుగు నీడల తేడా) కూడా ఎక్కువ. కోట గోడలకీ, లోయ రాళ్లకీ, వానలైనాక నల్లమలకీ ఇది భలే కుదురుతుంది. మనుషులకు మాత్రం వద్దు, మొహాలు ఎర్రగా కందిపోయినట్టు వస్తాయి.

మనుషులుంటే, లేదా మొదటిసారి స్లైడ్ తీస్తుంటే, ప్రోవియా 100ఎఫ్ తీసుకోండి, రంగు నమ్మకంగా ఉంటుంది, కొంచెం తప్పినా ఓర్చుకుంటుంది. కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100 కూడా 2018 నుంచి మళ్లీ దొరుకుతోంది, అది శుభ్రమైన, కొంచెం చల్లటి రంగు. రోళ్లపాడు గడ్డి మైదానంలో పిట్టలకూ కృష్ణజింకలకూ 50 స్పీడు చాలదు, అక్కడికి ప్రోవియాని 200 పెట్టి తీసి ల్యాబ్‌లో ఒక స్టాప్ పుష్ (డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచడం) చేయించుకోవచ్చు.

డేట్ అయిపోయిన రీలు చవగ్గా వస్తుందని కొనొద్దు. పాత నెగటివ్‌కి వెలుతురు ఎక్కువ ఇచ్చి గట్టెక్కొచ్చు, పాత స్లైడ్‌కి అట్లా చేస్తే ఇంకా పలచబడుతుంది, రంగు కూడా ఒకవైపుకి లాగేస్తుంది. డబ్బా మీద తేదీ చూసి కొనండి.

కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టండి. వాడే రోజు రెండు మూడు గంటల ముందు బయటికి తీసి, గది వేడికి వచ్చినాకనే ప్లాస్టిక్ డబ్బా మూత తెరవండి, లేకుంటే లోపల చెమ్మ పడుతుంది. మన దగ్గర ఎండాకాలం సంగతి మీకు చెప్పక్కర్లేదు, కారు డాష్‌బోర్డులో, బైకు ట్యాంకు మీది బ్యాగులో ఫిల్మ్ పెట్టి జమ్మలమడుగు దాకా పోయినారంటే ఆ రీలు రంగు మీద ఆశ వదులుకోవాల్సిందే. నేను వెడల్పు మూతి ఉన్న థర్మస్ ఫ్లాస్కులో వేసుకొని పోతా, పొడిగా తుడిచి, ఐసు ఏమీ వేయకుండా.

2. మీటరు సరిగ్గా ఉందా? ఇంటి మిద్దె మీదే చూసుకోండి

ఎక్కువ మంది వదిలేసేది ఇదే. స్లైడ్ మీద మూడో వంతు స్టాప్ తేడా కూడా కంటికి తెలుస్తుంది, కాబట్టి మీటరు అబద్ధం చెప్తోందేమో ముందే తేలాలి.

మబ్బు లేని రోజు పొద్దున పదీ పదకొండు మధ్య మిద్దె ఎక్కండి. ఐఎస్ఓ 50 పెట్టి, ఎండలో గ్రే కార్డు పట్టుకొని, మీ నీడ దాని మీద పడకుండా, ఫ్రేమంతా కార్డే ఉండేట్టు మీటర్ చూడండి. ఎఫ్16 (ఎఫ్ అంటే లెన్సు రంధ్రం సైజు) దగ్గర షట్టర్ 1/60 సెకనుకి అటూఇటూగా రావాలి. అర స్టాప్ తేడా ఉంటే ఆ తేడా రాసిపెట్టుకొని ఐఎస్ఓ డయల్లో సర్దుకోండి, ఒక స్టాప్ దాటితే మీటరు రిపేరు అడుగుతోందని అర్థం. చాలా పాత కెమెరాలు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి చేసినవి, ఇప్పుడు దొరికే 1.5 వోల్టులది వేస్తే కొన్నిట్లో రీడింగు తప్పుతుంది, మీది అట్లాంటిదేమో చూసుకోండి.

తర్వాత మొదటి రీలుని పరీక్షకే అనుకోండి. ఒకే సీనుని 32, 40, 50, 64 ఐఎస్ఓలతో వరసగా తీయండి. వెల్వియా 50ని చాలామంది 40 పెట్టి తీస్తారు, నాకు మాత్రం నా కెమెరాలో 50 దగ్గరే ఎరుపు నిండుగా వచ్చింది. మీ కెమెరాకి ఏది సరిపోతుందో మీ రీలు చెప్పాలి, నా మాట కాదు.

3. టైము, జాగా

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి కాలం, వాన దుమ్ముని కడిగేసి ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. జనవరిలో పొద్దు పొడిచేది ఆరూ నలభై ప్రాంతంలో, మీరు లోయ అంచుకి ఆరింటికల్లా చేరాలి, ముందురోజు సాయంత్రమే వచ్చి ట్రైపాడ్ యాడ పెట్టాలో చూసుకొని పోతే ఇంకా మంచిది. చీకట్లో ఆ బండల మీద జాగా వెతుక్కోవడం ప్రమాదం, అంచున కంచె ఉంటుందని అనుకోవద్దు, ఫోటో కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వేయొద్దు. టార్చిలైటు తప్పనిసరి.

ఎర్రటి వెలుగు ఉండేది ఇరవై ముప్పై నిమిషాలు. ఆ తర్వాత రాయి మీద రంగు పోయి తెలుపు ఎక్కుతుంది, అప్పుడు కెమెరా సంచిలో పెట్టి టిఫిన్‌కి పోండి.

అన్నిటికీ ఎండే కావాలనుకోవద్దు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద ఎండలో తీసినారంటే ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ తెల్లటి రంధ్రాలుగా వస్తాయి, ఐదు స్టాప్‌లు కాదు ఎనిమిది ఉన్నా చాలదు. అక్కడికీ, అహోబిలం అడవుల్లోకీ మబ్బు పట్టిన రోజు పోండి. అప్పుడు వెలుగు మెత్తగా ఉంటుంది, కావాల్సిన కాంట్రాస్ట్ వెల్వియానే ఇస్తుంది, తడిసిన ఆకుల పచ్చదనం అప్పుడు చూడాలి. మబ్బులో, నీడలో ఈ ఫిల్మ్ నీలం వైపు పోతుంది కాబట్టి 81ఎ ఫిల్టర్ వేయండి. మీరు "నీలంగా వచ్చినాయి" అని ఫోన్ చేసేవన్నీ ఇట్లా తీసినవే.

బెలుం గుహల్లో స్లైడ్ వేస్ట్ చేసుకోవద్దు, ఇది పగటి వెలుగుకి చేసిన ఫిల్మ్, లోపలి లైట్లకి అంతా పసుపే.

4. మీటర్ చూడటం

ఇక్కడ నిదానంగా చదవండి, మిగతాదంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

మీటరు దేన్ని చూసినా అది మధ్యస్థమైన బూడిద రంగు అనుకొని రీడింగు ఇస్తుంది. తెల్ల మబ్బుని చూపిస్తే దాన్ని బూడిద చేయమంటుంది, నల్లరేగడి చేనుని చూపిస్తే దాన్నీ బూడిద చేయమంటుంది. కాబట్టి మీరు చూపించిన వస్తువు నిజంగా ఎంత తెలుపో ఎంత నలుపో దాన్నిబట్టి సర్దాలి. నేను వాడే లెక్క ఇది: ఎండలో పచ్చగడ్డి, ఎర్రరాయి అయితే ఉన్నది ఉన్నట్టు, సున్నా. అరచేయి సుమారు +1, అంటే మీటరు చెప్పినదానికన్నా ఒక స్టాప్ ఎక్కువ వెలుతురు (మీ చేతిని గ్రే కార్డు పక్కన పెట్టి ఒకసారి చూసుకోండి). ఓర్వకల్లు పాలిపోయిన తెల్ల బండలు +1 నుంచి +1½. ఎండలో తెల్ల మబ్బు, విచ్చిన పత్తి చేను +1½ నుంచి +2. +2 దాటితే అక్కడ ఏమీ మిగలదు. కిందికి -2 దాకా నీడలో ఏదో కనపడుతుంది, -3 అంటే నలుపే.

ఇప్పుడు గండికోటలో ఒక పొద్దున. పొద్దు పైకొచ్చి ఎదురు గోడ మీద వెలుగు పడింది, ఐఎస్ఓ 50, ఎఫ్11 పెట్టినా. ఎండ పడిన ఎర్రరాయి 1/15 చూపించింది. దాని పైన ఆకాశం 1/60, అంటే రెండు స్టాప్‌లు ఎక్కువ వెలుగు. లోయ అడుగున నీడ ½ సెకను, అంటే మూడు స్టాప్‌లు తక్కువ. రాయికి తగ్గట్టు 1/15 పెడితే ఆకాశం +2, సరిగ్గా అంచు మీద కూర్చుంది, నీడ -3, నల్లగా పోయింది. ఆకాశం మీదికి రెండు స్టాప్‌ల గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ దించి, ఎక్స్‌పోజర్ అర స్టాప్ పెంచితే రాయి +½, ఆకాశమూ +½, నీడ -2½ కి వచ్చింది, రాళ్ల పొరలు లీలగా కనపడతాయి, అది చాలు. ఫిల్టర్ వేసినాక మళ్లీ కెమెరా మీటర్ చూసి మార్చొద్దు, ఫిల్టర్ లేనప్పుడు తీసుకున్న లెక్కే ఉంచి, మీరు అనుకున్న అర స్టాప్ మాత్రమే కలపండి.

ఫిల్టర్ గీత యాడ పడిందో తెలియాలంటే డెప్త్ ప్రివ్యూ (లెన్సు రంధ్రం ఫోటో తీసేటప్పటి సైజుకి మూసి చూపించే బటన్) నొక్కి, ఫిల్టర్‌ని నెమ్మదిగా పైకీ కిందికీ కదిలిస్తూ చూడండి, కదిలేటప్పుడే గీత కంటికి దొరుకుతుంది. రాయి మీదికి దిగితే గోడ పైభాగం మసిపట్టినట్టు వస్తుంది.

స్పాట్ మీటర్ లేనివాళ్లకు: లెన్స్ జూమ్ చేసి ఎండ పడిన రాయి మాత్రమే ఫ్రేములో నింపి రీడింగు రాసుకోండి, ఆకాశానికి ఒకటి, నీడకి ఒకటి, మళ్లీ వెనక్కి వచ్చి ఫ్రేము పెట్టుకోండి. మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉంటే దాన్నే మీటరుగా వాడొచ్చు, ఐఎస్ఓ, ఎఫ్, షట్టర్ మాన్యువల్‌గా పెట్టి, హైలైట్ వార్నింగ్ (తెల్లగా పోయిన చోట మిణుకుమనే గుర్తు) వెలగడం ఆగిన చోట చూసుకోండి, కానీ దాని స్పీడుకీ మీ ఫిల్మ్ స్పీడుకీ ఎంత తేడా ఉందో ఆ పరీక్ష రీలుతోనే తేల్చుకోవాలి. ఫోన్లో లైట్ మీటర్ యాప్ అయితే మధ్యాహ్నం ఎండకి సరే, పొద్దుపొడుపుకి నేను నమ్మను.

నీళ్ల మీద పొద్దు తళుక్కుమనే చుక్కలు, నేరుగా కనపడే పొద్దు, ఇవి తెల్లగా పోతే పోనీయండి, వాటిని కాపాడబోతే మిగతాదంతా చీకటైపోతుంది.

5. బటన్ నొక్కడం

50 స్పీడు ఫిల్ముకి పొద్దున వెలుగులో ఎఫ్11 అంటే అర సెకను, రెండు సెకన్లు కూడా వస్తుంది. లోయ అంచున గాలి ఉంటుంది, ట్రైపాడ్ మధ్య కాలమ్ పైకి లేపొద్దు, కింద కెమెరా సంచి వేలాడదీయండి, అద్దం పైకి లాక్ చేసే వీలుంటే చేయండి, కెమెరా బెల్టు గాలికి కొట్టుకోకుండా చుట్టేయండి.

బ్రాకెటింగ్ అర స్టాప్ చొప్పున: మీ లెక్క ఒకటి, దానికన్నా అర తక్కువ ఒకటి, అర ఎక్కువ ఒకటి. 36 ఫోటోల రీలుకి 12 సీన్లు అవుతాయి. ఖర్చు అనిపిస్తుంది, కానీ అంతదూరం పోయి ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాకుంటే అది ఇంకా పెద్ద ఖర్చు. ఒక స్టాప్ చొప్పున బ్రాకెట్ చేయొద్దు, రెండింటి మధ్యలో అసలుది జారిపోతుంది.

పొద్దు పొడవకముందు తీస్తుంటే ఇంకో సంగతి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ మందగిస్తుంది, మీటరు చెప్పినదానికి వెలుతురు కలపాలి. వెల్వియా 50కి ఒక సెకను దాకా ఏమీ కలపక్కర్లేదు. మీటరు 4 సెకన్లు అంటే మూడో వంతు స్టాప్ కలపాలి, 8 సెకన్లకు అర స్టాప్, 16కి మూడింట రెండొంతులు, 32కి ఒక స్టాప్. రంగు కూడా పచ్చ వైపు పోతుంది, పలచటి మెజెంటా ఫిల్టర్ ఉంటే సరిపోతుంది. 64 సెకన్లు, ఆపైన ఈ ఫిల్మ్ వాడొద్దని ఫ్యూజీ వాళ్లే చెప్తారు. అంత పొడుగు ఎక్స్‌పోజర్లకు ప్రోవియా వేసుకోండి, 128 సెకన్ల దాకా ఏమీ కలిపే పనిలేదు.

పోలరైజర్ గురించి: ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు తింటుంది, లెక్కలో కలుపుకోండి. పొద్దుకి అడ్డంగా, తొంభై డిగ్రీల దిక్కులో బాగా పనిచేస్తుంది. మన చలికాలం ఆకాశం అసలే ముదురు నీలం, వెల్వియా దాన్ని ఇంకా ముదురు చేస్తుంది, పైన పోలరైజర్ పూర్తిగా తిప్పితే దాదాపు నల్లటి ఆకాశం వస్తుంది, అందుకని సగమే తిప్పండి. 24 ఎంఎం లాంటి వెడల్పు లెన్సుకి వేస్తే ఆకాశంలో ఒకపక్క ముదురు, ఒకపక్క లేత పట్టీ పడుతుంది. నేనైతే దీన్ని ఆకాశానికన్నా తడి ఆకుల మీది మెరుపు తీసేదానికే ఎక్కువ వాడతా.

మిరప కల్లాలు తీసేవాళ్లు కూడా వినండి. అంత ఎరుపుని వెల్వియా మీద తక్కువ ఎక్స్‌పోజ్ చేస్తే కాయకీ కాయకీ మధ్య గీత కనపడదు, ఒకే ఎర్రటి ముద్దలా వస్తుంది. ఎండ పక్కనుంచి పడేటప్పుడు, కాయల మధ్య నీడ ఉన్నప్పుడు తీయండి.

ప్రతి ఫోటోకీ నోటుబుక్కులో నంబరు, ఎఫ్, షట్టర్, దేన్ని మీటర్ చేసినారు, ఏ ఫిల్టర్, రాయండి.

6. కడిగించడం

డబ్బా మీద ఈ-6 అని ఉంటుంది, అది కడిగే పద్ధతి పేరు. ఊర్లో స్టూడియోలు కలర్ నెగటివ్‌కి చేసేది సి-41, అది వేరే. నా రెండో రీలుని ఒక స్టూడియోలో ఇచ్చి ఈ మాట చెప్పకుండా వచ్చేసినా, వాళ్లు మామూలు రీలే అనుకొని సి-41లో వేసేసినారు, రంగులు తిరగబడి కాంట్రాస్ట్ మితిమీరిన నెగటివ్ వచ్చింది, ఆ రోజు సిద్ధవటం కోటలో దొరికిన వెలుగు మళ్లీ దొరకలేదు. ఈ-6 చేసే ల్యాబ్‌కి కొరియర్ వేయండి, వేసే ముందు ఫోన్ చేసి రెండు అడగండి: ఏ రోజుల్లో కడుగుతారు, పుష్ చేస్తారా. రోజూ రీళ్లు వచ్చే ల్యాబ్‌లో కెమికల్ తాజాగా ఉంటుంది. కవరు మీద "ఈ-6 స్లైడ్, నార్మల్" అనో "ఒక స్టాప్ పుష్" అనో పెద్దగా రాయండి. మొత్తం ఐదారు రీళ్లుంటే ఒకేసారి పంపొద్దు, ముందు ఒకటి పంపి చూసుకొని తర్వాత మిగతావి.

ఇంట్లో కడుక్కోవచ్చా అంటే, మూడు బాత్‌ల కిట్లు ఉన్నాయి, చేయొచ్చు. మొదటి డెవలపర్ 38 డిగ్రీల దగ్గర నిలబడాలి, అర డిగ్రీ అటూఇటూ అయినా ఫోటో ముదురో లేతో అవుతుంది. పది నెగటివ్ రీళ్లు చేతులారా కడిగినాక దీని జోలికి రండి. విమానంలో పోయేవాళ్లు రీళ్లు చేతిలో పట్టుకొని, స్కానర్లో వేయకుండా చేత్తో చూడమని అడగండి, చెక్-ఇన్ బ్యాగులో మాత్రం ఎప్పుడూ వద్దు.

7. వచ్చిన రీలు ఎట్లా చూడాలి

బల్బుకి ఎదురుగా పట్టుకొని చూసి రంగు బాగలేదు అనుకోవద్దు, పసుపు వెలుగులో అన్నీ పసుపే. 5000 కెల్విన్ (పగటి వెలుగు లాంటి తెలుపు) లైట్‌బాక్స్, అంటే కింద నుంచి వెలుగొచ్చే పెట్టె, ఒక లూప్ (దగ్గరగా చూసే భూతద్దం) ఉండాలి. లేకుంటే ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టి, పైన ఒక పాల రంగు యాక్రిలిక్ ముక్క కొంచెం ఎత్తులో ఉంచి దాని మీద చూడండి, ముక్క లేకుంటే స్క్రీన్ చుక్కలు కనపడతాయి.

మొదట ఫోటోలు కాదు, రీలు అంచు చూడండి. ఫోటోల మధ్య ఖాళీ పట్టీ కటిక నలుపుగా ఉండాలి. అది పలచగా, బూడిదగా, ఏదో రంగు కలిసినట్టు ఉంటే ఫిల్మ్ పాతదో, వేడి తగిలిందో, కడగడంలో తేడానో, మీ ఎక్స్‌పోజర్ తప్పు కాదు. అంచు నల్లగా బాగుండి ఫోటోలన్నీ ఒకే లెక్కన లేతగానో ముదురుగానో ఉంటే మీటరో షట్టరో తప్పుతోంది, మళ్లీ రెండో నంబరు దగ్గరికి పోండి. 1/500 లో తీసినవి మాత్రమే తేడాగా ఉంటే షట్టరే. కొన్ని బాగుండి కొన్ని పోయింటే అప్పుడు నోటుబుక్కు తెరిచి, పోయినవాటిలో దేన్ని మీటర్ చేసినారో చూడండి. నా మొదటి రీలులో పోయినవన్నీ ఒకటే కారణం, నెగటివ్ అలవాటుతో నీడకి మీటర్ చూసి తీసినా, ఆకాశాలన్నీ ఖాళీ ఫిల్మే.

తర్వాత లూప్‌తో ఫోటోలో అన్నిటికన్నా తెల్లటి చోటు చూడండి, మబ్బులో మడతలు కనపడుతున్నాయా? కనపడితే చాలు. బ్రాకెట్ చేసిన మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది బాగుందో రాసుకోండి, రెండు మూడు రీళ్లయినాక ఎప్పుడూ "అర తక్కువ"దే నెగ్గుతోంది అనుకోండి, మీ ఐఎస్ఓని ఆ మేరకు మార్చేసుకోవచ్చు, బ్రాకెటింగ్ కూడా తగ్గించుకోవచ్చు.

స్కాన్ చేయించేటప్పుడు వెల్వియా నీడలు చాలా చిక్కగా ఉంటాయి, చవకరకం ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాటిని చీల్చలేదు, అంతా మచ్చలు మచ్చలుగా వస్తుంది. అది చూసి స్లైడే పాడైందని అనుకున్నవాళ్లను చూసినా. ముందు లైట్‌బాక్స్ మీద చూడండి, ఆ తర్వాతే స్కాన్‌ని తప్పు పట్టండి. మాక్రో లెన్సుతో డిజిటల్ కెమెరాలో తీసుకుంటే బాగానే వస్తుంది, స్లైడ్ పక్కన పెట్టుకొని రంగు పోల్చుకుంటూ సర్దండి.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ షీట్లలో పెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, రేకుల కప్పు కింద కాకుండా ఇంట్లో చల్లగా ఉండే గది బీరువాలో, కింది అరలో పెట్టుకోండి. ఏడాదికోసారి, వానాకాలం అయిపోయినాక, తీసి ఫంగస్ ఏమన్నా పట్టిందా చూసి, సిలికా జెల్ మార్చండి.